పది గుంటల పాలీహౌస్‌లో కీరా దోస: దాతలు తెలుసుకోవలసిన లెక్కలు

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 పాలీహౌస్‌లో కూరగాయలు పండిస్తూ, నేర్చుకోవాలని వచ్చిన కుర్రాళ్ళకు ఆ పని నేర్పుతున్న మా బృందం తరఫున నాలుగు మాటలు చెబుతాం.

కార్యవర్గం మమ్మల్ని ఒక్కటే ప్రశ్న అడిగింది. ఊళ్ళో పది, ఇరవై గుంటల భూమి ఉండి కూడా పట్నంలో ఆటో నడుపుతూనో, వెల్డింగ్ షాపులో పని చేస్తూనో బతుకుతున్న యువకులు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు పాలీహౌస్ వేయించి కీరా దోస పండించే దారి చూపిస్తే కుటుంబాలు నిలబడతాయా? మీరిచ్చే సొమ్ము పెట్టదగిన పనేనా? ఇదీ ప్రశ్న. మా జవాబు సూటిగా ముందే చెబుతున్నాం. ఈ పని కొందరిని నిలబెడుతుంది, కొందరిని అప్పుల్లోకి దించుతుంది. ఆ తేడా అదృష్టం మీద కన్నా లెక్క మీద, శ్రద్ధ మీద, సమయానికి అందే చేయూత మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే పంట ఎలా పండుతుందో కాస్త వివరంగా చెప్పి, ఆ తరువాత డబ్బు సంగతికి వస్తాం.

మొదట కాయ గురించి. పప్పులో, పచ్చట్లో వేసుకునే పసుపు దోసకాయ వేరు, మేము చెబుతున్నది వేరు. ఇది ఇళ్ళల్లో ఖీరా అని పిలుచుకునే పచ్చి కాయ. బిర్యానీ పక్కన ఉల్లిపాయతో పాటు పళ్ళెంలోకి వచ్చేది, రైతాలో పడేది, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పండ్ల పక్కన కనిపించేది ఇదే. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరంతో కలిపి దోసకాయ తినేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. కాబట్టి ఈ కాయ మనకు కొత్త చుట్టం కాదు.

ఆరుబయట పొలంలో కూడా కీరా పండుతుంది. మరి పాలీహౌస్ ఎందుకు? రకంలో ఉంది అసలు విషయం. మామూలు దోస తీగకు మగ పూలు, ఆడ పూలు రెండూ పూస్తాయి. తేనెటీగ పుప్పొడి మోసుకొస్తేనే పిందె నిలుస్తుంది. పాలీహౌస్‌లో వేసే హైబ్రిడ్ రకాలకు దాదాపు అన్నీ ఆడ పూలే. పైగా పరాగ సంపర్కం లేకుండానే కాయ కడుతుంది. దీన్నే పార్థినోకార్పీ అంటారు. లోపల గట్టి గింజ ఉండదు, తోలు పలచగా ఉంటుంది, చేదు ఉండదు. ఇలాంటి తీగకు తేనెటీగతో పని లేదు. అది పుప్పొడి తెచ్చి వాలితేనే కాయ ఒక పక్క ఉబ్బి వంకర పోతుంది. అందువల్ల చుట్టూ సన్నని వల కట్టి పురుగును బయటే ఆపినా దిగుబడి తగ్గదు. ఆ వల వల్లే పురుగులు చాలా వరకు రావు, మందుల పిచికారీ తగ్గుతుంది. రకానికీ ఇంటికీ పొత్తు కుదిరింది అక్కడే.

ఇలాంటి రకాల విత్తనాలు ప్రైవేటు కంపెనీల దగ్గర చాలా ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలూ రూపొందించాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ పూసా సీడ్‌లెస్ కుకుంబర్-6 ఇచ్చింది. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం పంత్ పార్థినోకార్పిక్ ఖీరా-2, ఖీరా-3 రకాలను, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం కేపీసీహెచ్-1ను ఇచ్చాయి. ఏ రకం వేసినా ఒకటి గుర్తుంచుకోవాలి. కాయలో గింజే ఉండదు కనుక రైతు విత్తనం దాచుకోలేడు, ప్రతి పంటకూ కొనాల్సిందే. ఒక్కో గింజకు రూపాయల్లో ధర ఉంటుంది. అందుకే మడిలో చల్లడం ఉండదు. ప్రోట్రేలలో కొబ్బరి పొట్టు నింపి గుంతకు ఒక్క గింజే పెట్టి నారు పెంచుతాం. పన్నెండు నుంచి పదిహేను రోజులకు రెండు మూడు ఆకులు వచ్చాక నాటుతాం.

ఇక ఇంటి సంగతి. మా ప్రాంతాలకు గాలి సహజంగా ఆడే పాలీహౌస్ చాలు. ఫ్యాన్లు, తడి గోడలు ఉన్న ఖరీదైనది చిన్న రైతుకు అక్కర్లేదు, కరెంటు బిల్లే మింగేస్తుంది. జీఐ పైపుల చట్రం, పైన ఎండకు తట్టుకునే 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు, పక్కల 40 మెష్ వల, లోపల ఎండ ముదిరినప్పుడు లాగే నీడ తెర, ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు. ఈ రెండు తలుపుల విషయంలో మా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళతో మేము చాలా కఠినంగా ఉంటాం. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. లక్షలు పోసి కట్టిన వల ఒక్క తెరిచిన తలుపుతో వృథా అవుతుంది.

లోపల మట్టే ప్రాణం. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, వరి ఊక కలిపి మీటరు వెడల్పున, అడుగుకు పైగా ఎత్తున మడులు కడతాం. మధ్యన నడవడానికి అరమీటరు దారి. మడికి రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర అడుగు దూరం, జిగ్‌జాగ్‌గా. ఈ లెక్కన పది గుంటలకు, అంటే సుమారు వెయ్యి చదరపు మీటర్లకు, 2,200 నుంచి 2,500 మొక్కలు పడతాయి. పైన కట్టిన తీగ నుంచి ప్రతి మొక్కకూ ఒక దారం దించుతాం. ఒకే కాండాన్ని ఆ దారానికి చుట్టుకుంటూ పైకి పంపుతాం. పక్క కొమ్మలు తుంచేయాలి. కింది అయిదారు కణుపుల్లో వచ్చిన పిందెలను కూడా తీసేయాలి. కొత్తవాళ్ళకు ఇది మనసొప్పదు, కళ్ళ ముందే పిందెను పారేయడం ఏమిటంటారు. కానీ చంటి మొక్క మీద ఆ బరువు పడితే వేరు బలపడదు, తరువాత వచ్చే కాయలు దెబ్బతింటాయి.

నీళ్ళు తక్కువే కావాలి. చదరపు మీటరుకు రోజుకు రెండు మూడు లీటర్లు. పది గుంటలకు రోజుకు రెండు మూడు వేల లీటర్లు అన్నమాట. ఎండలు ముదిరితే ఇంకొంచెం. అంతా డ్రిప్‌లోనే. నీళ్ళలో కరిగే ఎరువులు కూడా అందులోనే, కొద్దికొద్దిగా. అయితే బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఈ పంట తట్టుకోలేదు. అందుకే పైపు ముక్క కొనకముందే నీళ్ళనూ మట్టినీ పరీక్ష చేయించమని చెబుతాం. నీళ్ళు పనికిరావని తేలితే అక్కడ పాలీహౌస్ ఆలోచనే మానుకోవాలి. ఆ ఒక్క పరీక్షకయ్యే ఖర్చు ఎన్నో లక్షలను కాపాడుతుంది.

నాటిన 35 నుంచి 40 రోజులకు మొదటి కోత. అక్కడి నుంచి రోజూ లేదా రోజు విడిచి రోజు కాయ కోయాల్సిందే. చిన్న రకం అయితే 14 నుంచి 16 సెంటీమీటర్లకు రాగానే, ఉదయం చల్లదనంలో, కత్తెరతో కోస్తాం. ఒక రోజు ఆలస్యమైతే కాయ ముదిరిపోతుంది, తీగ బలమంతా అదే లాక్కుంటుంది, పైన పిందెలు పండిపోయి రాలతాయి. పెళ్ళి అని, పండుగ అని రెండు రోజులు ఊరెళ్ళడానికి ఈ పంట ఒప్పుకోదు. మూడు, నాలుగు నెలల్లో పంట ముగుస్తుంది. బాగా చూసుకుంటే మొక్కకు మూడు నుంచి నాలుగు కిలోలు వస్తాయి.

ఏడాదికి మూడు పంటలు తీయవచ్చని అమ్మేవాళ్ళు చెబుతారు. చల్లని ప్రాంతాల్లో కావచ్చు. తెలంగాణ, రాయలసీమ ఎండల్లో మేము రెండే లెక్క వేస్తాం. కీరాకు పగలు 30 డిగ్రీల లోపు హాయి. 35 దాటితే పిందె నిలవదు. బయట 42 ఉన్నప్పుడు షీటు కింద ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. అందుకని వానాకాలంలో ఒక పంట, చలికాలంలో ఒక పంట. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఎండనే పనికి వాడుకుంటాం. మడులు తడిపి, పలచని పారదర్శక పాలిథిన్ కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తాం. మట్టి వేడెక్కి తెగుళ్ళ బీజాలు, నులిపురుగులు చాలా వరకు చస్తాయి.

ఈ నులిపురుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాద్ చుట్టుపక్కల చినిగిన షీట్లతో, గడ్డి మొలిచి ఉన్న పాలీహౌస్‌లు మీరు రోడ్డు మీద పోతూ చూసే ఉంటారు. వాటిలో చాలా వాటిని ముంచిన వాటిలో ఇదొకటి. కంటికి కనిపించని పురుగు వేళ్ళలో చేరి బుడిపెలు కట్టిస్తుంది. మొక్క మధ్యాహ్నం వాడిపోతుంది, సాయంత్రం తేరుకుంటుంది, కొన్నాళ్ళకు తేరుకోదు. ఒకే చోట ఏడాది పొడవునా దోస, క్యాప్సికమ్, టమాటా వేస్తే దానికి పండుగే. ఒకసారి మట్టిలో స్థిరపడితే పూర్తిగా పోగొట్టడం దాదాపు అసాధ్యం, అదుపులో ఉంచుకోవాలి. వేపపిండిలో ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వంటి మేలు చేసే సూక్ష్మజీవులను వృద్ధి చేసి మడుల్లో కలపడం, ఎండలో మట్టిని కాల్చడం, మధ్యలో బంతి వేయడం, పక్క తోట పారలు, చెప్పులు లోపలికి రానివ్వకపోవడం, ఇవే మందులు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ ఈ జీవ పద్ధతుల మీద చాలా పని చేసింది.

దానితో పాటే మరో మాట. చలికాలంలో బూడిద తెగులు, వానాకాలంలో బూజు తెగులు వస్తాయి, కొన్నిసార్లు మందు కొట్టక తప్పదు. కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటుంది. ఈ పంటలో రోజూ కోత ఉంటుంది. ఈ రోజు మందు కొట్టి రేపు కోసి పంపితే ఎవరికీ తెలియదు. తినేవాడు మాత్రం ఉడికించకుండా, చాలాసార్లు తోలు కూడా తీయకుండా తింటాడు. ఆ విరామం పాటించడం చట్టం కన్నా ముందు అమానత్ అని మా కుర్రాళ్ళకు చెబుతాం. అవసరమైతే ఆ రెండు రోజుల కాయ కోసి గొయ్యిలో వేయమంటాం. ఆ నష్టాన్ని కూడా ముందే లెక్కలో రాసుకోమంటాం.

ఇక మీరు ఎదురుచూస్తున్న డబ్బు లెక్క. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లో 1,008 చదరపు మీటర్ల పైపుల పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 935 రూపాయల ధర నిర్ణయించి, అందులో 50 శాతం రాయితీ పెట్టారు. తెలంగాణ ఏర్పడిన తొలి ఏళ్ళలో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం దాకా ఇచ్చింది. ఈ ధరలు, శాతాలు, పరిమితులు మారుతూ ఉంటాయి. అడుగు వేసేముందు జిల్లా ఉద్యాన అధికారి దగ్గర ఆ ఏడాది లెక్క రాయించుకోవాలి. లెక్క అర్థం కావడానికి మాత్రం పాత ధరనే తీసుకుందాం.

1,008 చదరపు మీటర్లకు 935 చొప్పున 9,42,480 రూపాయలు. మొక్కలు 2,300, మొక్కకు మూడు కిలోలు, ఏడాదికి రెండు పంటలు. మొత్తం 13,800 కిలోలు. కట్టుబడి ఖర్చు ఏడేళ్ళలో రాబట్టుకోవాలనుకుంటే ఏడాదికి 1,34,640 రూపాయలు. అంటే రైతు అమ్మే ప్రతి కిలో కీరాలో పది రూపాయలకు కాస్త తక్కువ ఆ ఇనుముకూ షీటుకే పోతుంది. సగం రాయితీ వస్తే అది అయిదు రూపాయల లోపుకు దిగుతుంది. విత్తనం, ఎరువు, కూలి, దారం, రవాణా, మండీ కమీషన్ అన్నీ దీని మీద అదనం. బజారులో ధర కిలోకు ఒక్క రూపాయి అటూ ఇటూ అయితే ఆ ఇంటి ఏడాది ఆదాయంలో 13,800 రూపాయలు అటూ ఇటూ అవుతాయి. పది గుంటల పాలీహౌస్ పెట్టే ఇంటికి ఇదొక్కటి కంఠస్థం కావాలి.

షీటు మూడు నుంచి అయిదేళ్ళే వస్తుంది. వేసవి చివర వచ్చే ఈదురుగాలులకు అంతకంటే ముందే చినిగిపోవచ్చు. చాలా పాలీహౌస్‌లు మూతపడేది పంట పోయి కాదు, షీటు మార్చాల్సిన ఏడాదికి చేతిలో డబ్బు లేక. రాయితీ ఒక్కసారే వస్తుంది, గాలి ప్రతి ఏడూ వస్తుంది. అందుకని మొదటి కోత నుంచే క్రేటుకు ఇంత అని షీటు కోసం పక్కన పెట్టడం మా దగ్గర తప్పనిసరి నియమం.

రాయితీ సంగతిలో మరో చిక్కు ఉంది. సాధారణంగా ముందు రైతు తన వాటా పెట్టాలి, పని జరగాలి, అధికారులు చూడాలి, ఆ తరువాత డబ్బు వస్తుంది. ఈ మధ్యకాలంలో చేతిలో పైకం లేనివాడు వడ్డీకి తెస్తాడు. నెలలు గడిచేకొద్దీ రాయితీలో ఒక భాగం వడ్డీకే పోతుంది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మన కుర్రాడు ఇక్కడే ఆగిపోతాడు, మళ్ళీ ఆటో స్టీరింగ్ పట్టుకుంటాడు. దాతలారా, మీ సాయం అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చే చోటు ఇదే. ఈ నెలల గడువుకు ఖర్జ్-ఎ-హసన్‌గా ఇచ్చిన సొమ్ము రాయితీ రాగానే తిరిగి వస్తుంది, మరో ఇంటికి వెళుతుంది. ఒకే మొత్తం ఎన్నో కుటుంబాల చేతులు మారుతుంది. జకాత్ సొమ్ము అయితే హక్కుదారుడి సొంతం కావాలన్న నియమం ఉంది కనుక, దానిని ఉమ్మడి కట్టడాలకు వాడే విషయంలో ఉలమాల సలహా తీసుకునే నిర్ణయించాలి.

అమ్మకం గురించి. బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్లకు పట్టుకెళితే ఆ రోజు ఎంత సరుకు వచ్చిందో దాన్ని బట్టి ధర. ఆరుబయట కీరా వెల్లువెత్తిన రోజుల్లో మన నాజూకు కాయకు విలువ కట్టేవాడు ఉండడు. ఇది పది రోజులు నిల్వ ఉంచి అమ్మే సరుకు కూడా కాదు. పది డిగ్రీల కంటే చల్లగా పెడితే తోలు మీద గుంటలు పడి చెడిపోతుంది. కాబట్టి కొనేవాడు ముందే ఉండాలి. ఈ సభలో హోటళ్ళు నడిపేవారున్నారు, ఫంక్షన్ హాళ్ళవారున్నారు, క్యాటరింగ్ చేసేవారున్నారు. మీ వంటగదిలోకి రోజూ క్రేట్లకొద్దీ కీరా వస్తూనే ఉంది. అందులో రోజుకు రెండు క్రేట్లు మన కుర్రాడి దగ్గర, సీజను మొత్తానికి ఒకే న్యాయమైన ధరకు కొంటామని ఒప్పుకోండి. అది మీకు అదనపు ఖర్చు కాదు. అతనికి మాత్రం వచ్చే నెల ఎలా గడుస్తుందో ముందే తెలుస్తుంది.

రంజాన్ లెక్క కూడా చూడండి. 2024లో మార్చి రెండో వారంలో, 2025లో మార్చి మొదట్లో ఉపవాసాలు మొదలయ్యాయి. చంద్రమానం ప్రకారం ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2030లో రంజాన్ జనవరి మొదటి వారానికి వస్తుంది, అదే ఏడాది డిసెంబర్ చివర మరోసారి వస్తుంది. అంటే ఈ దశాబ్దం చివరి ఏళ్ళలో కీరాకు గిరాకీ పెరిగే నెల, పాలీహౌస్‌లో కీరా చక్కగా కాసే చలికాలం ఒకటవుతున్నాయి. నెలవంకకు యాభై, అరవై రోజుల ముందు గింజ పెడితే తొలి ఇఫ్తార్‌కు కాయ చేతికి వస్తుంది. తేదీలు ఇంత ముందుగా తెలిసే గిరాకీ మరే పంటకు దొరుకుతుంది?

చివరగా మా విన్నపాలు. ఎవరికీ మొదటి రోజే పాలీహౌస్ ఇవ్వకండి. ముందు ఒక పంట కాలం, నాలుగు నెలలు, నడుస్తున్న పాలీహౌస్‌లో పని చేయనివ్వండి. ఆ నాలుగు నెలలకు ఇల్లు గడిచే భత్యం ఇవ్వండి. రోజూ తెల్లవారుజామున లేచి కోతకు వచ్చినవాడికే, భార్యాభర్తలిద్దరూ ఇష్టపడితేనే రెండో మెట్టు. తీగ చుట్టడం, పక్క కొమ్మలు తుంచడం, కాయ వేరుచేయడం ఆడవాళ్ళు ఎంతో నేర్పుగా చేస్తున్నారు. వాళ్ళ పేరా లెక్క పుస్తకం ఉంటే డబ్బు ఇల్లు దాటదు. నీటి పరీక్ష ఖర్చు, ఖర్జ్-ఎ-హసన్ నిధి, షీటు నిధి, కొనుగోలు మాట, ఈ నాలుగూ మీరు చూసుకుంటే మిగిలింది వాళ్ళు చూసుకుంటారు.

ఏటా అయిదుగురికి అరకొరగా పంచే బదులు ఇద్దరిని పూర్తిగా నిలబెట్టండి. ఆ ఇద్దరి దగ్గర పని నేర్చుకోవడానికి మరో పదిమంది వస్తారు. ఈసారి ఇచ్చే చేయి మీదైతే, వచ్చేసారి ఇచ్చే చేయి వాళ్ళది కావాలి. అలా అయ్యేలా అల్లాహ్ వాళ్ళ కష్టంలో, మీ సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.